క్లచ్ మాస్టారి కాలేయం

మా బావ బుద్ధెరిగాక ఒక్క చుక్క మందు ముట్టలేదు. ఈ సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా ఉండే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. విందుల్లో ఎవరి చేతిలోనైనా గ్లాసు కనబడితే దగ్గరికి వెళ్ళి, ఆ గ్లాసులోకి వంగి చూసి, లివరు కులాసాగా ఉందా అని పలకరించేవాడు. సొంత తమ్ముణ్ణయితే మరీను. ఆ తమ్ముడు టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. శనివారం సాయంత్రం రెండు సీసాల బీరు తాగి, టీవీ చూస్తూ కుర్చీలోనే నిద్రపోతాడు. అంతకు మించి ఎవరి జోలికీ పోడు. బావ దృష్టిలో మాత్రం అతను కాళ్ళూ చేతులూ మొలిచిన పీపా. మా వంశంలో లివరన్నది నాకొక్కడికే మిగిలిందని నలుగురిలో చెప్పుకునేవాడు. తమ్ముడు తల వంచుకుని తన పళ్ళెంలోది తినేవాడు.

బావది డ్రైవింగ్ స్కూలు. రెండు కార్లు, రోడ్డు మీదకి తెరుచుకునే ఒక గది, గోడకి రోడ్డు గుర్తుల పటం, బల్ల వెనక మా అక్క. ఫారాలు నింపడం, ఫోన్లు ఎత్తడం, ఎవరు ఏ గంటకి రావాలో రాసిపెట్టడం అక్క పని. పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా కారులో పక్క సీట్లో కూర్చుని తిట్టడం బావ పని. ఆ కార్లలో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. వాటి మీద కాళ్ళు ఆనించి "క్లచ్, క్లచ్, క్లచ్" అంటూ ఉంటాడు కాబట్టి నేర్చుకునేవాళ్ళు ఆయనకి క్లచ్ మాస్టారని పేరు పెట్టారు. ఆయనకది బిరుదులా వినబడింది. స్కూలు బోర్డు మీద కూడా రాయించాలని చూశాడు గాని అక్క పడనివ్వలేదు.

కారు తలుపు జేబులో ఎప్పుడూ ఓ పెద్ద కూల్‌డ్రింకు సీసా. మధ్యాహ్నానికి అది ఖాళీ అయితే ఇంకోటి. మందు తాగనందుకు తనకి తాను ఇచ్చుకునే బహుమానం అది. పాఠానికీ పాఠానికీ మధ్య బిస్కెట్లు, నూనె కారే వేపుళ్ళ పొట్లాలు. కారులోంచి దిగితే గదిలో కూర్చుంటాడు, గదిలోంచి లేస్తే కారులో కూర్చుంటాడు. నలభై మూడేళ్ళకే పొట్ట సీటు బెల్టుని రెండుగా విడగొట్టి బయటికొచ్చింది. దాన్ని తట్టి, ఇది డ్రైవరు పొట్ట, తాగుబోతు పొట్ట కాదని తేడా వివరించేవాడు.

నేను స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్ని. మనిషి పొట్ట మీద జెల్లు రాసి, ప్రోబు ఆనించి, తెర మీద కనబడింది కొలిచి రాస్తాను. కింద సంతకం పెద్ద డాక్టరుది. రెండున్నరేళ్ళ కింద బావకి నడుం పక్క నొప్పి వస్తే రాయేమోనని మా సెంటరుకి వచ్చాడు. బల్ల ఎక్కుతూనే, ఫోటోలో అందంగా రావాలని జోకేశాడు. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. రాయీ లేదు, రప్పా లేదు. ప్రోబు కాస్త పైకి జరిపాను. మామూలుగా కాలేయం, కిడ్నీ తెర మీద ఇంచుమించు ఒకే బూడిదరంగులో కనబడాలి. ఆయన కాలేయం సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరిసిపోతోంది. వెనక భాగానికి వెళ్ళేసరికి మసకేసి ఏమీ కనబడటం లేదు. అంత కొవ్వు పట్టింది. ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ అని టైపు చేశాను.

కాగితం చేతికొచ్చాక బావ మొహం చూడాలి. లివరన్న మాట తన పేరు కింద అచ్చయి ఉండటం ఆయనకి అవమానంగా తోచింది. ఎవరి కాగితమో మారిపోయిందన్నాడు. మారలేదన్నాను. అయితే ఆ ఒక్క లైను తీసేసి ఇంకోటి ప్రింటు తీయమన్నాడు. తమ్ముడి కంట పడితే ఇంకేమన్నా ఉందా అని ఆయన బెంగ. తీయడం కుదరదన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"పర్లేదులే బావా, అందరికీ ఉండేదే," అన్నాను.

ఈ మాట అప్పట్లో రోజుకి పదిసార్లు అనేదాన్ని. జెల్లు తుడుచుకోమని టిష్యూ ఇస్తాం కదా, దాంతో పాటే ఇచ్చేసే మాట అది. ఎందుకంటే నిజంగానే రోజుకి పదిమందికి ఉంటుంది. పదిమందికి ఉన్నది చిన్న విషయమని ఎవరు చెప్పారో, నేనెప్పుడు నమ్మానో నాకు గుర్తు లేదు. బావ ఆ మాటని జేబులో వేసుకుని వెళ్ళాడు.

మా సెంటర్లో సాయంత్రాలు ఓ డాక్టరమ్మ కూర్చుంటుంది. గొంతు పెగలనట్టు మెల్లగా మాట్లాడుతుంది కాబట్టి మేమందరం నెమ్మది డాక్టరంటాం. ఆవిడ కాగితం చూసి బావని లోపలికి పిలిపించింది. నడుం చుట్టుకొలత తీసింది. బీపీ చూసింది, ఎక్కువుంది. రక్త పరీక్ష రాసింది. రెండు రోజులకి చక్కెర గీత మీద, రక్తంలో కొవ్వు గీత దాటి వచ్చాయి. అప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"లివరు గురించి నాకంత భయం లేదండీ. గుండె గురించే నా భయం," అంది ఆవిడ.

తర్వాత ఓపిగ్గా చెప్పింది. కొవ్వు పట్టిన కాలేయం ఒక మూల ఊరికే కూర్చోదట. రక్తంలోకి కొవ్వునీ చక్కెరనీ అదనంగా వదులుతూనే ఉంటుందట. ఆ రక్తమే గుండె రక్తనాళాల్లోనూ తిరుగుతుంది కాబట్టి, వాటి గోడలకి పూత పూసినట్టు పేరుకుంటూ పోతుందట. ఇలాంటివాళ్ళలో ఎక్కువమంది ప్రాణం మీదకి తెచ్చేది లివరు జబ్బు కాదు, గుండె జబ్బు. అది కూడా రావలసిన వయసు కంటే ముందే. కూల్‌డ్రింకులు పూర్తిగా మానాలి, రోజూ నలభై నిమిషాలు నడవాలి, ఎనభై తొమ్మిది కిలోల మనిషి ఎనభైకి దిగాలి, కొవ్వు తగ్గే మాత్ర వేసుకోవాలి, గుండె పరీక్షలు ఒకసారి చేయించుకోవాలి, మూడు నెలలకి మళ్ళీ రావాలి అంది. బావ బుద్ధిగా తల ఊపాడు. ఎదురుగా నేర్చుకునేవాళ్ళు లేకపోతే ఆయనంత మర్యాదస్తుడు ఉండడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర బయటికొచ్చింది అసలు బావ. నెమ్మది డాక్టరు గొంతు దించేశాడు, ఆవిడ కళ్ళజోడు సర్దుకునే తీరుతో సహా. లివరు చూపిస్తే గుండె అంటుంది, రేపు కాలిగోరు చూపిస్తే మెదడు పోయిందంటుందన్నాడు. క్లచ్ పాడైతే క్లచ్ మారుస్తారు గాని హారన్ మార్చే మెకానిక్కుని ఎక్కడైనా చూశారా అని అడిగాడు. అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు, ఈసారి గురి తన మీద లేనందుకు. మాత్రల చీటీ కారు డాష్‌బోర్డు అరలోకి వెళ్ళింది. గుండె పరీక్షలకి తీరిక దొరకలేదు. మూడు నెలలూ గడిచాయి, ఆరూ గడిచాయి.

ఈ మధ్యలో, నేర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కాలేయాన్ని కడిగేసే ఆకుపచ్చ పొడి ఒకటి అంటగట్టాడు. బావ దాన్ని నెల రోజులు తాగాడు. దేంతో తాగాడనుకున్నారు? కూల్‌డ్రింకుతో. తర్వాత తనంతట తానే ఎక్కడో లివరు ఎంజైముల పరీక్ష చేయించుకున్నాడు. అంకెలన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ కాగితాన్ని ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, స్కూలు గదిలో రోడ్డు గుర్తుల పటం పక్కన అంటించాడు. ఫారం నింపడానికి వచ్చిన ప్రతివాడూ ముందు మాస్టారి కాలేయాన్ని దర్శించుకోవాలి.

నేను ఓ సాయంత్రం వెళ్ళి చూసి, అలా కాదు బావా అన్నాను. ఎంజైములు మామూలుగా ఉన్నా కొవ్వు ఉండవచ్చని, మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని చెప్పాను. గదిలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు.

"ఫోటోలు తీసుకునేదానివి, ఫోటోలు తీసుకో. డాక్టరువెప్పుడయ్యావు?" అన్నాడు.

వాళ్ళు నవ్వారు. బల్ల వెనకనుంచి అక్క కూడా నవ్వింది. నేను సంచీ తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత పదకొండు నెలలు ఆ విషయం ఎత్తలేదు. ఇంటికి వెళ్తే తిన్నాను, మాట్లాడాను, బావ సీసా మూత తీస్తుంటే చూశాను. మెట్లెక్కి ఆయాసపడితే చూశాను. కావాలంటే తనే వచ్చి అడుగుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే నీచమైనదే అనుకున్నాను. తగిలితే గాని తెలిసిరాదు, తగలనీ అనుకున్నాను.

తగిలింది.

బావ దగ్గర నేర్చుకునేవాళ్ళలో కర్టెన్లు కుట్టే ఆవిడ ఒకరున్నారు. యాభై ఏడేళ్ళు. కుట్టిన కర్టెన్లు ఇళ్ళకి మోసుకెళ్ళలేక చిన్న వ్యాను కొందామని నేర్చుకుంటోంది. రెండుసార్లు పరీక్ష తప్పింది. అప్పట్నుంచి బావ ఆవిణ్ణి పేరుతో పిలవడం మానేసి "మూడోసారి" అనేవాడు. మూడోసారి గారు వచ్చారా, మూడోసారి గారి కాలు ఇంకా క్లచ్ మీదనే ఉందా, అని. ఆవిడ రివర్సు చేస్తుంటే గోడలే పక్కకి తప్పుకోవాలని మా ఇంట్లో నవ్వించేవాడు. ఆవిడ దేనికీ బదులు చెప్పేది కాదు. మళ్ళీ మర్నాడు అదే గంటకి వచ్చి సీటు ముందుకి జరుపుకునేది.

ఆ రోజు ఆవిడకి మూడో పరీక్ష. పదింటికి మైదానంలో ఉండాలి. పొద్దుట్నుంచీ బావకి దవడ లాగుతోంది, ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుంది. గ్యాసనుకున్నాడు. త్రేన్పు వస్తే పోతుందని సగం సీసా ఖాళీ చేశాడు. త్రేన్పు వచ్చింది, నొప్పి పోలేదు. కారెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. తర్వాత జరిగింది ఆ కర్టెన్లావిడ చెప్పగా విన్నదే.

మొదటి సిగ్నలు దగ్గర తిట్టాడట. రెండో సిగ్నలు దగ్గర కారు ఆగిపోయింది, తిట్టలేదట. ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, గేరు తప్పుగా వేసింది, అది కీచుమంది. అయినా తిట్టలేదట. ఐదు నెలల్లో ఎప్పుడూ లేనిది ఈయన నోరు మూశాడేమిటని పక్కకి చూస్తే, మొహం మైనంలా ఉంది. చొక్కా మెడ దగ్గర్నుంచి తడిసిపోయింది. ఎడమ చెయ్యి ఒళ్ళో వదిలేశాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదు, మైదానానికి ఎడమకి తిప్పమన్నాడు. ఆవిడ కుడికి తిప్పింది. కుడివైపు ఆస్పత్రి ఉంది.

బావ తన వైపు బ్రేకు నొక్కేశాడు. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో కారు నిలబడిపోయింది. నాలుగు వైపుల నుంచీ హారన్లు. పరీక్షకి టైమైపోతోందని, నీకు చెప్తే అర్థం కాదా అని, అంత నొప్పిలోనూ పళ్ళు బిగించుకుని అన్నాడట. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మాస్టారూ, కాలు తియ్యండి," అంది.

ఆయన తీశాడు. ఎందుకు తీశాడో ఇప్పటికీ చెప్పలేడు. ఆవిడ ఆ కారుని మూడో గేరులో రొప్పిస్తూ, బయటికొచ్చే గేటులోంచి లోపలికి దూరి, వాచ్‌మన్ పరుగెత్తుకొస్తుండగా ఒక పూలకుండీని పడగొట్టి, అత్యవసరం అని రాసి ఉన్న తలుపు ముందు ఆపింది. ఆపాక హ్యాండ్‌బ్రేకు వేయడం మరిచిపోలేదు. ఆ మాట మాకు రెండుసార్లు చెప్పింది.

మేము వెళ్ళేసరికి బావని లోపలికి తీసుకెళ్ళిపోయారు. గంటంబావు తర్వాత గుండె డాక్టరు బయటికొచ్చాడు. ఒక రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని, స్టెంటు వేసి తెరిచామని, మిగతా రెండూ కూడా ఇరుకుగా ఉన్నాయని చెప్పాడు. నలభై ఐదేళ్ళ మనిషికి అరవై ఐదేళ్ళ నాళాలున్నాయన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే గుండె కండ చాలా పోయేదన్నాడు. ఇంతకు ముందు బీపీ, చక్కెర, ఫ్యాటీ లివరు ఇలాంటివేమైనా బయటపడ్డాయా అని అడిగాడు. అక్క లేదనబోయి ఆగింది. నా వైపు తిరిగింది.

డాక్టరు వెళ్ళాక వరసగా బిగించిన ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. నువ్వు రాసిన కాగితమే కదా అంది అక్క. అవునన్నాను. భోజనాల దగ్గర ఆయన వేళాకోళంగా చెప్పిందే నాకు తెలుసు, అసలేం చెప్పారో నువ్వు విన్నావు, నాకెందుకు చెప్పలేదంది. ఒకసారి చెప్పాను, అందరిలో నన్ను ఫోటోలు తీసుకోమన్నాడు అన్నాను.

"ఆయన ఒక మాటన్నాడని నా మొగుణ్ణి వదిలేశావా?"

"నువ్వు కూడా నవ్వావక్కా," అన్నాను.

అక్క చేతిలో ఉన్న బావ చెప్పుల సంచీ వైపు చూసింది.

"పద్దెనిమిదేళ్ళుగా ఆయనేమన్నా నవ్వుతున్నానే. అది నవ్వో కాదో తోడబుట్టినదానివి, నీకు తెలీదూ?"

బావని ఎంత వెటకారం చేసినా తీరదని ఇన్నాళ్ళూ అనుకున్నాను గాని, ఆ కుర్చీలో కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన తెలియక మొండికేశాడు. నేను తెలిసి మూతి ముడుచుకున్నాను. ఇద్దరిలో చదువుకున్నది నేను.

కర్టెన్లావిడ అంతవరకూ వెళ్ళకుండా గోడవారగా నిలబడే ఉంది. మీ పరీక్ష పోయిందే అంది అక్క. పోతే పోయింది, నాలుగోసారి వెళ్తానంది ఆవిడ.

బావ తమ్ముడు మర్నాడు వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అతనేదో అంటాడని, అనాలని, నేను ఎదురుచూశాను. అతను అన్న కాలి మీద దుప్పటి సర్దాడు. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు గాని కాలు వెనక్కి తీసుకోలేదు. తమ్ముడు ఆ వారమే మా సెంటరుకి వచ్చి స్కాను చేయించుకున్నాడు. అతని కాలేయం అద్దంలా ఉందని రాస్తే కథ రుచిగా ఉండేది. గ్రేడ్ వన్ ఉంది. పర్లేదని అనలేదు. నెమ్మది డాక్టరు గదిలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. బీరు మానమంది, మానాడు. అన్నకంటే ముందు బరువు తగ్గాడు కూడా.

సెంటర్లో నా ఉద్యోగం కాస్త ఇబ్బందిలో పడింది. కాలేయం తెల్లగా కనబడిన ప్రతివాళ్ళకీ బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వు చూపించుకోమని, గుండె గురించి డాక్టరుని అడగమని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు భయపడ్డారు, కొందరు కసిరారు, ఒకాయన మేనేజరుకి ఫిర్యాదు రాశాడు. టెక్నీషియన్లు నోరు విప్పకూడదని మేనేజరు హెచ్చరించాడు. నెమ్మది డాక్టరు ఆయన గదికెళ్ళి, ఎప్పట్లాగే వినీ వినబడకుండా ఏం చెప్పిందో తెలియదు గాని, మర్నాటి నుంచి రిపోర్టు కిందనే ఆ సలహా అచ్చవుతోంది. చదివేవాళ్ళు చదువుతున్నారు. తక్కినవాళ్ళు దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంటున్నారు.

బావ మారాడా అంటే, పొట్ట మారింది. కూల్‌డ్రింకు మానేశాడు, మాత్రలు వేసుకుంటున్నాడు, ఎనిమిది నెలల్లో పది కిలోలు తగ్గాడు. మళ్ళీ స్కాను చేస్తే కాలేయం చాలావరకు కిడ్నీ రంగులోకి వచ్చింది. చూపిస్తే, మిషను సెట్టింగేమైనా మార్చావా అని అడిగాడు. ఇప్పుడు విందుల్లో గ్లాసులు వదిలేసి జనం పళ్ళేల మీద పడ్డాడు. ఎవరు రెండోసారి వడ్డించుకుంటున్నా వెనక నిలబడి, గుండె కులాసాగా ఉందా అంటున్నాడు. మనుషులు ఈయన పక్కన కూర్చోవడానికి ఇంతకు ముందు జంకేవాళ్ళు, ఇప్పుడు పారిపోతున్నారు.

కర్టెన్లావిడ నాలుగోసారి పరీక్ష నెగ్గింది. ఆవిడ వ్యాను మొదటిసారి స్కూలు ముందు ఆగినప్పుడు అక్క బయటికొచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ సాయంత్రమే, తనూ నేర్చుకుంటానని బావకి చెప్పింది. పద్దెనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు బల్ల వెనక కూర్చున్న మనిషికి స్టీరింగు పట్టుకోవడం రాదన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. బావ నవ్వబోయి, అక్క మొహం చూసి మానేశాడు.

నాలుగో రోజు నేనూ వెనక సీట్లో ఉన్నాను. మలుపులో కారు కుదుపుతో ఆగింది. బావ నోట్లోంచి అలవాటుగా క్లచ్ వచ్చేసింది, క్లచ్ వెంట నీ మొహమూ వచ్చింది. అక్క హ్యాండ్‌బ్రేకు వేసింది. ఇంజను ఆపింది.

"దిగండి. డాక్టరు నడవమన్నారుగా," అంది.

బావ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన బెల్టు విప్పుకుని దిగాడు. అక్క మళ్ళీ స్టార్టు చేసింది. రెండుసార్లు ఆగింది, మూడోసారి కదిలింది. మేము ఇల్లు చేరి, చెప్పులు విప్పి, మొహాలు కడుక్కున్న చాలాసేపటికి బావ వచ్చాడు. చొక్కా తడిసి ఉంది, ఆయాసం మాత్రం లేదు. నీళ్ళు అడిగి తాగి, రేపు ఎన్నింటికి నేర్చుకుంటావని అక్కని అడిగాడు.